డోర్ నంబరున్న టీవీ బీరువా

మా హాల్లో ఉన్న టీవీ బీరువాకి డోర్ నంబరుంది. ఇరవై మూడు బై ఎ. మా ఇంటికి లేదు. ఉండేది, ఇప్పుడు లేదు. అందుచేత ఉత్తరాలన్నీ బీరువా నంబరుకే వస్తాయి. పోస్టుమాన్ వీధిలో చెప్పులు విడిచి, హాల్లోకొచ్చి, బీరువా తలుపు తట్టి, "పోస్ట్!" అని కేకవేస్తాడు. లోపల్నుంచి ఎవరూ రాకపోతే ఉత్తరం టీవీ ముందు పెట్టి వెళ్ళిపోతాడు. మేము పక్కనే కుర్చీల్లో కూర్చుని ఉన్నా మా చేతికివ్వడు.

చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ కథ మొదట్నుంచీ చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. నాది కళ్ళద్దాల షాపు. "పై వరస కనబడుతోందా అండీ, కింది వరస కనబడుతోందా" అని పొద్దస్తమానం అడగాల్సిన గొంతు అది. అందుకని ఒక్కసారి రాసి పడేస్తున్నాను. మా మునిసిపాలిటీని ఎగతాళి చేసే ఉద్దేశం నాకెంతమాత్రం లేదు. వాళ్ళు ఎక్కడా తప్పు చెయ్యలేదు. ప్రతి అడుగూ రూలు ప్రకారమే వేశారు. నా బాధల్లా అదే.

ఇదంతా ఒక గడపతో మొదలైంది. మా అమ్మ కామేశ్వరమ్మకి సంత వీధిలో ఒక పెంకుటిల్లు ఉండేది. చాలా ఏళ్ళ కిందట రోడ్డు వెడల్పు చెయ్యడానికి మునిసిపాలిటీ దాన్ని పడగొట్టింది. యంత్రం వస్తోందని తెలిసి వీధిలో అందరూ బిందెలూ పరుపులూ మోసుకుపోతుంటే, అమ్మ మటుకు వడ్రంగిని పిలిపించి వీధి గుమ్మం గడప ఊడదీయించింది. కొత్త కోడలిగా బియ్యం చెంబుని కాలితో తోసి ఆవిడ దాటిన గడప అది. ఆనాటినుంచీ ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టిన గడప. దాని మీదుగా యంత్రం వెళ్ళడం నేను చూళ్ళేనంది.

తర్వాత నష్టపరిహారానికి అర్జీ పెట్టుకుంటే ఒక అధికారి స్థలం చూడ్డానికొచ్చాడు. అప్పటికి అక్కడున్నవి పడిపోయిన గోడలు, పగిలిన పెంకులు. ఇది ఇల్లా, గిడ్డంగా, పశువుల పాకా అని ఆయనకి అనుమానమొచ్చింది. "ఇల్లయితే గడప ఉండాలే!" అన్నాడు. అమ్మ నా షాపులో దాచిన గడపని ఆటోలో వేయించుకుని తెచ్చి చూపించింది. ఆయన ఆటోలోకి తొంగి చూసి, "గడప స్థలంలో ఉండాలి గానీ ఆటోలో ఉంటే ఎలాగమ్మా?" అన్నాడు. ఆటో తాలూకు ఇల్లేదైనా ఉంటే అది వేరే విషయం అని కూడా అన్నాడు. చివరికి "సదరు స్థలమందు గడప కానరానందున అచ్చట ఇల్లు లేదు" అని రాసి పారేశాడు.

డబ్బు రాలేదని అమ్మ ఒక్కనాడూ అనలేదు. ఇల్లు లేదన్న ముక్క మాత్రం ఆవిడ గుండెలో దిగబడిపోయింది. "మరి అన్నేళ్ళు నేను ఎక్కడ కాపురం చేశానురా విశ్వం? చెట్టు మీదా?" అని అడిగేది. ఆ ఆఫీసు వాళ్ళ చేత ఒక్కసారి "ఇల్లుంది" అనిపిస్తే చాలు, ఇంకేమీ వద్దనేది. గడపని తన పాత నేత చీరలో చుట్టి మంచం కింద పెట్టుకుంది. మేము కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని వచ్చేశాక కూడా అది ఆవిడ మంచం కిందే ఉండేది.

ఇలా ఉండగా మా ఆవిడ భ్రమరాంబ పెద్ద టీవీ కొనిపించింది. గోడకి తగిలిద్దామన్నాను. వెనకాల బల్లులు కాపురం పెడతాయంది. బజార్లో దొరికే రెడీమేడు స్టాండ్లు చూపించాను. రంపప్పొట్టుకి జిగురు కలిపి నొక్కినవి మన ఇంట్లో పెట్టడానికి వీల్లేదంది. తలుపులుండాలి, దుమ్ము పడకూడదు, అసలు కర్రతో ఇంట్లోనే చేయించాలి అని తేల్చింది. సింహాద్రి ఆచారిని పిలిపించాం.

ఆచారి మా ఊళ్ళో పేరున్న వడ్రంగి. ఆ పేరు ఎక్కువగా ఆయన నోటినుంచే విన్నాం. వస్తూనే హాలంతా ఒక చూపు చూసి, "బీరువాలు చేసే మనిషిని కాదండి నేను. ఏదో మీరు అడిగారని," అన్నాడు. "కర్ర ఏదండీ?"

అమ్మ మంచం కిందనుంచి మూట లాగించి, చీర విప్పింది. "ఇది వాడు నాయనా. కనీసం రోజూ కళ్ళెదురుగా ఉంటుంది. దీన్ని చూసుకోవాలంటే నడుం వంచాల్సొస్తోంది," అంది.

ఆచారి గడప మీద చెయ్యి వేసి, వాసన చూసి, రెండు కళ్ళూ మూసుకున్నాడు. "బర్మా టేకండి బాబూ! దీన్ని కొయ్యమంటారా? రంపం పెడితే నా చెయ్యి పడిపోద్ది. ఇది గడపగానే ఉండాలండి."

"ఉండనీ. అడుగున బల్లలాగా పెట్టెయ్యి," అన్నాను నేను, ఆ మాట వల్ల ముందు ముందు ఏమవుతుందో తెలియక.

గడపని కొయ్యకుండా అడుగున పరిచాడు. గడప ఉన్నాక దాని మీద ద్వారబంధం లేకపోతే కర్రకి అవమానమన్నాడు. ద్వారబంధం పెట్టాక పైన పద్మం చెక్కకపోతే తనకి అవమానమన్నాడు. పద్మం ఒక్కటే ఉంటే బోసిగా ఉందని అటొక చిలక, ఇటొక చిలక చెక్కాడు. రెండు రెక్కల తలుపులు, వాటికి ఇత్తడి గొళ్ళెం. హాలంతా రంపప్పొట్టు, మా అన్నంలో కూడా రంపప్పొట్టు. అంతా అయ్యాక చూస్తే టీవీ పెట్టుకునే పెట్టె కాస్తా ఎవరింటి వీధి గుమ్మమో మన హాల్లోకి వచ్చి నిలబడ్డట్టుంది. బాగుంది. బాగోలేదని నేను అనను.

పూర్తయింది శుక్రవారం నాడు. అమ్మ స్నానం చేసి వచ్చి గడపకి పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, పైన మామిడాకులు కట్టించింది. "పాలు కూడా పొంగించేద్దామా అత్తయ్యగారూ?" అంది భ్రమరాంబ నవ్వుతూ. అమ్మ నవ్వలేదు. "పొంగిద్దామమ్మాయ్," అంది. బీరువా ముందు చిన్న స్టవ్ పెట్టి పాలు పొంగించాం. భ్రమరాంబ ఫొటోలు తీసి చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊరికి కొత్త కమిషనరు వచ్చాడు. ఆయనకి అసలు ఇల్లంటే ఏమిటన్న సందేహం వచ్చింది. ఊళ్ళో కొందరు ఒకే ఇంటికి మూడు తలుపులు పెట్టి మూడిళ్ళంటున్నారు. కొందరు మూడిళ్ళకీ ఒకే గోడ కట్టి ఒకటే ఇల్లంటున్నారు. పైకప్పు లెక్క పెడదామంటే అపార్టుమెంటుకి ఒకటే కప్పు. వంటిల్లు లెక్క పెడదామంటే హోటళ్ళొచ్చి అడ్డం పడుతున్నాయి. ఆయన పాత దస్త్రాలన్నీ తిరగేసి, చివరికి మా అమ్మ అర్జీ మీద ఆనాటి అధికారి రాసిన వాక్యం పట్టుకున్నాడు. గడప లేనందున ఇల్లు లేదు. ఇంతకన్నా స్పష్టమైన నిర్వచనం ఈ దేశంలో ఎవరూ ఇవ్వలేదని ఆయనకి తోచిందట. దానిమీద "గడపే గుర్తింపు" అని పథకం పెట్టాడు. గడప ఉంటే ఇల్లు, లేకపోతే కాదు. కూడళ్ళలో బోర్డులు పెట్టారు. వాటి మీద కమిషనరు గారు ఒక గడపకి దణ్ణం పెడుతున్న బొమ్మ వేశారు.

కాలవగట్టు అపార్టుమెంట్లలో గడపలు లేవు, నున్నటి నేల మీద చెక్క తలుపులు మాత్రమే ఉన్నాయి. దాంతో ఆ అపార్టుమెంటు మొత్తం ఖాళీ స్థలమని తేలింది. ఖాళీ స్థలానికి కుళాయి ఎందుకని నీళ్ళు ఆపేశారు. ఐదో అంతస్తు వాళ్ళు బాల్కనీలోంచి "మేమున్నాం బాబోయ్" అని అరిచారట. "ఖాళీ స్థలంలో అనుమతి లేకుండా గుమిగూడరాదు" అని కిందనుంచి మైకులో జవాబొచ్చింది. మర్నాటినుంచీ వాళ్ళంతా గడపల కోసం ఆచారి గుమ్మం ముందు బారులు తీరారు. ఆచారి ఇక మనిషిగా నేలమీద నడవడం మానేశాడు.

మా కాలనీకి సర్వే చెయ్యడానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు శేషగిరి వచ్చాడు. మంచివాడు. ఆయన కళ్ళద్దాలు నా షాపులోవే, పవరు నేనే స్వయంగా చూశాను. కాబట్టి ఆయనకి సరిగ్గా కనబడలేదని చెప్పే అవకాశం నాకు లేదు. వీధి గుమ్మం ముందు నిలబడి, గడపలు లెక్కపెట్టే పథకం యాప్ ఉన్న ఫోనుతో గడప ఫొటో తీశాడు. ఫోను "రెండు గృహములు" అంది. తలెత్తి చూస్తే ఎదురుగా హాల్లో, పసుపు గడపా మామిడాకులతో, మా బీరువా.

"లోపల ఇంకో ఇల్లు కట్టారేంటండీ?" అన్నాడు.

"ఇల్లు కాదండీ, టీవీ బీరువా."

"గడపుందిగా?"

"ఉంది."

"పసుపు రాశారుగా?"

"అమ్మ రాసింది."

"మరి తలుపులో?"

"దుమ్ము పడకుండా పెట్టించామండీ."

"మా ఇంటి తలుపులు కూడా అందుకేనండీ," అన్నాడు శేషగిరి. "గృహప్రవేశం అయిపోయిందా?"

నేను నోరు తెరిచేలోపే భ్రమరాంబ ఫోను తీసి పాలు పొంగుతున్న ఫొటో చూపించింది. ఆ ఫొటో బాగా వచ్చిందని ఆవిడకి గర్వం. శేషగిరి దాన్ని కూడా తన ఫోనులోకి పంపించుకున్నాడు.

"గడప ఎవరిదండీ?"

"మా అత్తయ్యగారిది."

"అయితే ఇల్లు ఆవిడదే," అని, సంచిలోంచి నీలం రేకు తీసి పద్మానికి కాస్త కింద మేకు కొట్టాడు. ఇరవై మూడు బై ఎ. మా ఇల్లు ఉత్త ఇరవై మూడు.

అమ్మ లేచి వచ్చి, ఆ రేకుని చీర చెంగుతో తుడిచింది. "మొత్తానికి నంబరిచ్చారు," అంది.

నేను మర్నాడు కమిషనరు గారి దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకున్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, సావధానంగా విన్నాడు. "గడప అనునది తెలుగు గృహమునకు ప్రాణనాడి. తమరు ఒక గృహమును బీరువా అని పిలుచుట దానిని అవమానించుట కాదా?" అన్నాడు.

"అయ్యా, దాన్లో మనుషులు ఉండరండీ."

"అనగా ఖాళీ గృహము. ఖాళీగా ఉంచిన గృహములపై అపరాధ రుసుము ఉన్నది."

నాకు ఒళ్ళు మండింది. "ఖాళీగా ఎందుకుంటుందండీ! సాయంత్రం అయ్యేసరికి అత్తాకోడళ్ళు జుట్లు పట్టుకుంటారు. అది అయ్యాక నలుగురు మగాళ్ళు చేరి ఒకళ్ళ మాట ఒకళ్ళు వినకుండా అరుచుకుంటారు. మధ్య మధ్య సబ్బులు అమ్ముతారు!" అన్నాను.

కమిషనరు గారు పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి, "రాసుకోండి. ఉమ్మడి కుటుంబము. గృహ కలహములు గలవు. చిల్లర వ్యాపారము కూడా గలదు," అన్నాడు.

ఆ ముక్కలు కాగితం మీద పడగానే శాఖలన్నీ కదిలాయి. ఇల్లన్నాక నీళ్ళుండాలి కదా అని కార్మికులు వచ్చి వీధిలోంచి హాలు మధ్యగా గొట్టం లాగి, టీవీ పక్కనే ఒక కుళాయి బిగించారు. మాకు రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళు దానికి రోజూ వస్తున్నాయి, అది కొత్త కనెక్షన్ కాబట్టి. తడి చెత్తకి ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకి నీలం బుట్ట తెచ్చి బీరువా ముందు పెట్టారు. చెత్త బండి వాళ్ళు రోజూ ఖాళీ బుట్టలు చూసి, ఆ ఇంటివాళ్ళు చెత్త కాలవలో పడేస్తున్నారేమోనని మా మీద నిఘా పెట్టారు. దోమల మందు వాళ్ళు పొగ మిషను తెచ్చి తలుపులు తెరిచి లోపలికి కొట్టి వెళ్ళారు. ఆ తర్వాత కొన్నాళ్ళు టీవీలో అందరూ మబ్బుల్లో మాట్లాడుకున్నారు.

గృహ కలహాలని చూడ్డానికి కుటుంబ సలహాదారు మేడమ్ వచ్చింది. సాయంత్రం సీరియల్ మొదలవగానే బీరువా ముందు కుర్చీ వేసుకు కూర్చుని, ఇరుపక్షాల వాదనా శ్రద్ధగా విన్నది. అయ్యాక, "తప్పంతా పెద్ద కోడలిదే అనిపిస్తోందండీ. కానీ ఇప్పుడే ఏమీ చెప్పలేను, ఆడపడుచు ఇంకా నోరు విప్పలేదు," అంది. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు. రోజూ వస్తోంది. భ్రమరాంబ ఆవిడకి కూడా కలిపి పకోడీలు వేస్తోంది.

ఇంతవరకూ ఎలాగో భరించాం. అసలు ముప్పు ప్లానింగు అధికారి ముకుందం రూపంలో వచ్చింది. టేపు పట్టుకుని వచ్చి, బీరువా నాలుగు పక్కలా కొలిచి, తల పట్టుకున్నాడు.

"ఈ ఇంటి చుట్టూ ఖాళీ జాగా ఏదండీ? నాలుగు పక్కలా మీ గోడలే ఉన్నాయి. పైన మీ కప్పు. గాలీ వెలుతురూ ఎలా వస్తాయి? ఈ రెండిళ్ళలో ఒకటి అక్రమం."

"ఏది ముందు కట్టిందైతే అది సక్రమం అంతేగా? మాది ముందు," అన్నాను ధైర్యంగా.

"ఇంటి వయసు గడపతో లెక్కండి, పథకం ప్రకారం. మీ ఇంటి గడప ఎప్పటిది?"

"ఇల్లు కట్టినప్పటిదే. తొమ్మిదేళ్ళు."

"మరి దీనిది?"

ఆ సమయానికి ఆచారి అక్కడే ఉన్నాడు. గొళ్ళెం బిగుసుకుందంటే సరిచెయ్యడానికి వచ్చాడు. మనిషి ఊరుకుంటే బాగుండేది. ఊరుకుంటే ఆచారి ఎందుకవుతాడు? "దీన్దా అండీ? ఎనభై ఏళ్ళకి తక్కువుండదండి! ఇలాంటి కర్ర ఈ జిల్లాలోనే లేదు. దాని పక్కన వీళ్ళ గుమ్మానికున్నది కర్రా అండీ అది? అగ్గిపెట్టె చెక్క!" అన్నాడు ఛాతీ విరుచుకుని.

ముకుందం మొహం వికసించింది. "నిపుణుల వాంగ్మూలం," అని రాసుకున్నాడు. వారంలో కమిషనరు గారి ఉత్తర్వు వచ్చింది. శేషగిరి తెచ్చి హాల్లో నిలబడి చదివాడు. "సంత వీధికి చెందిన శ్రీమతి కామేశ్వరమ్మ గారి ఇల్లు ఎనభై సంవత్సరములుగా ఉన్నదని ధ్రువీకరించడమైనది. సదరు ప్రాచీన గృహమును నాలుగు పక్కలా, పైన కూడా ఆక్రమించుచు ఆమె కుమారుడు విశ్వేశ్వరం నిర్మించిన అక్రమ గృహమును వచ్చే సోమవారం తొలగించడమగును."

నేను రెండో వాక్యం దగ్గర కూలబడ్డాను. అమ్మ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. "ఏమన్నావు నాయనా? మళ్ళీ చదువు," అంది. శేషగిరి మళ్ళీ చదివాడు. "ఇల్లు ఉన్నదని" అన్న చోట అమ్మ కళ్ళు ఒత్తుకుంది. ఇన్నేళ్ళుగా ఆవిడ ఆ ఒక్క మాట కోసం కాచుకుని ఉంది. అది వచ్చినప్పుడు సంతోషించే అదృష్టం నాకు లేకపోయింది.

నేను ఆఫీసుకి పరిగెత్తాను. సొంత ఇల్లండీ, అప్పు చేసి కట్టానండీ అన్నాను. కమిషనరు గారు బాధపడ్డాడు. నిజంగానే బాధపడ్డాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వృద్ధురాలైన తల్లి ఇంటి నెత్తిన ఇల్లు కట్టుట తమబోటి వారు చేయదగిన పని కాదు," అన్నాడు.

ఇంటికొచ్చాక భ్రమరాంబ నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "బీరువా గడప ఊడదీయించెయ్యండి. అది లేకపోతే అది ఇల్లు కాదు. ఇంక గొడవే ఉండదు," అంది.

"అమ్మనెవరు అడుగుతారు?"

"మీరే."

"నా వల్ల కాదు."

నిజంగా నా వల్ల కాదు. ఒకసారి పోయిన ఇల్లు ఇన్నాళ్ళకి దొరికితే, ఆ ఇల్లు నేను పడగొడతానమ్మా అని ఏ నోటితో చెప్పను? వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

"ఊడదీసెయ్యరా," అంది. "నాకేం? నేను చూడాల్సింది చూసేశాను. ఇల్లుందన్నారు. అంతే చాలు. మీరు వీధిన పడ్డాక నాకు ఇల్లెందుకు?"

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు, హాల్లో బీరువా వైపు చూస్తోంది. నాకు దుఃఖం ఆగలేదు. భ్రమరాంబ కూడా అటు తిరిగి గిన్నెలు సర్దడం మొదలెట్టింది.

కాసేపటికి అమ్మే, "ఒరే, ఆగు," అంది. "వాళ్ళు పడగొడతామన్నది ఏ ఇంటిని?"

"మా ఇంటిని."

"గడప లేకపోతే ఇల్లు లేనట్టేగా వాళ్ళకి? నాకు తెలియదా? నాకే కదా చేశారు. ఊడదియ్యాల్సింది నాది కాదు. నీది."

నేనూ భ్రమరాంబా మొహాలు చూసుకున్నాం.

ఆదివారం ఆచారిని పిలిపించాం. అమ్మ మా గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, హారతిచ్చింది. అగ్గిపెట్టె చెక్క అన్న ఆచారే, ఊడదీసేటప్పుడు మాత్రం కర్రకి నొప్పెడుతుందేమోనన్నట్టు మెల్లిగా ఉలి వేశాడు. గడప పోయాక వీధి గుమ్మం కింద నేల బోసిగా కనిపించింది. అలవాటుకొద్దీ మేమందరం లేని గడపని దాటడానికి కాలెత్తి, తడబడి, ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం.

సోమవారం పొద్దున్నే ముకుందం యంత్రాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కాలనీ అంతా రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. ఆయన గుమ్మం దగ్గర కాలెత్తి, గడప లేక ముందుకి తూలి, నా చెయ్యి పట్టుకుని నిలదొక్కుకున్నాడు. కిందకి చూశాడు. పక్కలకి చూశాడు. మళ్ళీ బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చాడు. రెండోసారి కూడా కాలెత్తాడు.

"గడపేదండీ?"

"లేదండీ," అన్నాను.

"లేకపోతే ఎలాగండీ? నేను ఇల్లు పడగొట్టడానికి వచ్చాను."

"ఇల్లు ఎక్కడుందండీ మరి?"

ముకుందం మా గోడలకేసి చూశాడు. మా కప్పుకేసి చూశాడు. తర్వాత ఫోను తీసి గుమ్మం ముందు నిలబడి ఫొటో తీశాడు. ఫోను "ఒక గృహము" అంది, బీరువా వైపు చూపించి. బయట యంత్రం డ్రైవరు తల బయట పెట్టి, "ఇంతెత్తున కనపడతా ఉంటే లేదంటారేంటి సార్? మొదలెట్టమంటారా?" అన్నాడు.

"ఏం మొదలెడతావయ్యా? ఖాళీ స్థలంలో ఏం పడగొడతావు?" అని కసిరాడు ముకుందం. చతికిలబడి, మా అరుగు మీదే కూర్చుని, రాసి, సంతకం పెట్టి, నా చేతికిచ్చాడు. అమ్మ నా చేతిలోంచి లాక్కుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పైకి చదివింది.

"సదరు స్థలమందు గడప కానరానందున అచ్చట ఇల్లు లేదు."

చదివి, ఆవిడ నవ్వింది. నేను పుట్టి బుద్ధెరిగాక అమ్మ అంతసేపు నవ్వడం చూడలేదు. "ఇన్నాళ్ళకి ఈ ముక్క మన కొంపకి పనికొచ్చిందిరా," అంది. యంత్రం వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ముకుందం అమ్మకి నమస్కారం పెట్టి, ఆవిడ ప్రాచీన గృహానికి చుట్టూ ఇంత ఖాళీ స్థలం ఏర్పడినందుకు అభినందించాడు.

మధ్యాహ్నానికల్లా మా నంబరు రేకు పీక్కుపోయారు, కుళాయి కోసేశారు. ఖాళీ స్థలానికి నీళ్ళెందుకు? అయినా మాకు ఇబ్బంది లేదు. టీవీ పక్కన కుళాయి ఉంది, నీళ్ళు రోజూ వస్తాయి. భ్రమరాంబ సీరియల్ చూస్తూ బిందెలు పడుతుంది. సలహాదారు మేడమ్ బిందె కిందకి దింపడానికి ఒక చెయ్యి వేస్తుంది. మేము ప్రస్తుతం అమ్మ ఇంటి పెరట్లో ఉంటున్నట్టు లెక్క. చానెల్ మార్చాలంటే ఇంటావిణ్ణి అడగాలి. పడుకునే ముందు ఆవిడే లేచి, టీవీ కట్టేసి, తలుపులు రెండూ దగ్గరికి వేసి, గొళ్ళెం పెట్టి, ఒకసారి లాగి చూసుకుంటుంది.

మా గడపని ఏం చెయ్యాలో మొదట్లో నాకు తోచలేదు. వీధిలో పడెయ్యడానికి మనసు రాలేదు. అమ్మే చెయ్యి చాచి అడిగింది. తన గడపకి ఇన్నాళ్ళూ చుట్టిన ఆ నేత చీరనే దులిపి, మా గడప చుట్టూ రెండు పొరలుగా తిప్పి, ముడి వేసింది. "భద్రంగా ఉంటుందిలే. మీకూ ఎప్పుడో రోజొస్తుంది," అంది.

ఎవరైనా అడ్రసు అడిగితే ఇరవై మూడు బై ఎ అని చెబుతున్నాం. మా ఇల్లు మటుకు అమ్మ మంచం కింద ఉంది.